చెరువు దగ్గర రావాల్సిన స్ట్రోకు

2022లో, వానలు వెనకపట్టిన రోజుల్లో జరిగిన సంగతి ఇది. పెద్ద అంబర్‌పేట్ దాటాక, రింగ్ రోడ్డుకు కాస్త అవతల ఉన్న తొమ్మిది హోల్స్ గోల్ఫ్ మైదానానికి అప్పటికే నేను హ్యాండికాప్ సెక్రటరీని. నేను కళ్లజోడు సవరించుకుంటే చాలు, సభ్యుల గొంతులు తగ్గేవి. రూల్ పుస్తకం నాకు కంఠతా వచ్చు.

'సెక్రటరీ' అన్న మాట నా బల్ల మీద నేనే చెక్కించి పెట్టుకున్న పలక మీద తప్ప ఇంకెక్కడా లేదని ఇప్పుడే చెప్పేస్తే మంచిది. కరెంటు ఆఫీసులో బిల్లింగ్ సెక్షన్ నుంచి రిటైరయ్యి, వనస్థలిపురంలో ఇంట్లో కూర్చోలేక ఈ పనిలో చేరాను. ఉద్యోగం పేరు ఆఫీస్ అసిస్టెంట్. గొంతులు తగ్గడం సంగతి కూడా అంతే. నాకు ఎడమ చెవి సరిగా వినపడదు.

పని మాత్రం నిజమైనది. గోల్ఫ్ ఆడనివారి కోసం ఆ పనేమిటో చెబుతాను. మొదటి దెబ్బ కొట్టే చోటు నుంచి గుంట దాకా ఉన్న మేరను ఒక హోలు అంటారు. బంతిని ఎంత తక్కువ షాట్లలో గుంటలో వేస్తే అంత గొప్ప. కానీ అందరూ ఒక్కలా ఆడరు. అందుకని ప్రతి ఆటగాడికీ అతని పాత ఆటల్ని చూసి ఒక అంకె కడతాం. అదే హ్యాండికాప్. ఏడు అంకె ఉన్నవాడు పది ఉన్నవాడితో పోటీపడితే, పది ఉన్నవాడికి మూడు షాట్ల సడలింపు ఇస్తాం. వాటిని స్ట్రోకులంటారు.

చాలా ఆటల్లో ఆ మూడింటినీ చివర్లో మొత్తంలోంచి తీసేస్తే సరిపోతుంది. మ్యాచ్ ప్లే అని ఇంకో పద్ధతి ఉంది. అందులో ప్రతి హోలూ ఒక విడి కుస్తీ. తక్కువ షాట్లలో ముగించినవాడిది ఆ హోలు. ఎక్కువ హోల్స్ గెలిచినవాడిది ఆట. అక్కడ మూడు స్ట్రోకులు ఇస్తే చాలదు, ఏ మూడు హోల్స్‌లో ఇవ్వాలో కూడా తేల్చాలి. అందుకే స్కోరు కార్డు మీద ప్రతి హోలు పక్కనా ఇంకో అంకె అచ్చువేస్తారు. దాని పేరు స్ట్రోక్ ఇండెక్స్. బలహీనుడికి సాయం అన్నిటికన్నా అవసరమైన హోలుకు ఒకటి, తర్వాతి దానికి రెండు, అలా తొమ్మిది వరకు. మూడు స్ట్రోకులున్నవాడికి ఇండెక్స్ ఒకటి, రెండు, మూడు ఉన్న హోల్స్‌లో ఒక్కో షాటు తగ్గుతుంది.

మా మైదానంలో ఇండెక్స్ ఒకటి చెరువు హోలుది. హుస్సేన్‌సాగర్‌లో మూడో వంతుండే చెరువు అది. దాన్ని దాటించి కొట్టాలంటే గుండె గట్టిగా ఉండాలి. సరే, నాలుగు గేదెలు దిగితే ఐదోదానికి చోటుండని చెరువు. కానీ బంతికి ఆ మాత్రం నీళ్లు చాలు.

ఆ ఏడాది మా ఓనరు గారికి సభ్యులు పెరగడం లేదన్న దిగులు పట్టుకుంది. వాస్తు చూసే సిద్ధాంతిగారిని పిలిపించారు. ఆయన మైదానం చుట్టూ తిరిగి, "ఆట ఈశాన్యం నుంచి మొదలవ్వాలి" అన్నారు. ఈశాన్యంలో ఉన్నది చెరువు హోలు. అప్పటిదాకా అది నాలుగోది. ఒక్క పూటలో బోర్డులు మారిపోయాయి. నాలుగు ఒకటయింది, ఐదు రెండయింది, మిగతావన్నీ అలాగే జరిగాయి. కొత్త కార్డు అచ్చయింది. హోలు నంబరు, దూరం, అన్నీ మార్చారు. చివర ఉన్న స్ట్రోక్ ఇండెక్స్ వరస మాత్రం పాత కార్డులో ఉన్నట్టే ఉండిపోయింది. మావాళ్లు ఆదివారాల్లో మొత్తం లెక్కే ఆడతారు కాబట్టి ఆ వరస వైపు ఎవరి చూపూ పోలేదు. నా చూపూ పోలేదు.

ఆ సమయంలోనే సుబ్బారావు, యాదగిరి నా బల్ల దగ్గరికి వచ్చారు.

ఇద్దరూ కళ్లద్దాల వ్యాపారంలో పొత్తు. తెనాలి నుంచి వచ్చిన సుబ్బారావు కళ్లు చూసి నంబరు రాస్తాడు. చౌటుప్పల్ దగ్గరి పల్లె నుంచి వచ్చిన యాదగిరి అద్దం కోసి ఫ్రేములో బిగిస్తాడు. దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో వెనక సందులో ఇద్దరూ కుర్రవాళ్లుగా మొదలుపెట్టిన కొట్టు, కోచింగ్ పిల్లల కళ్లజోళ్లతో నిలదొక్కుకుంది. తర్వాత ఎల్బీ నగర్‌లో ఇంకో కొట్టు తెరిచారు. రెండూ బాగానే నడుస్తున్నాయి. చెడింది వాళ్లిద్దరికే.

"అద్దాలు ఇప్పుడు ల్యాబు నుంచే కోసి వస్తున్నాయి మాస్టారూ. కోసేవాడు దేనికి?" అన్నాడు సుబ్బారావు.

"నంబరు మిషిన్ల పడ్తున్నది సార్. చూసెటోడు దేనికి?" అన్నాడు యాదగిరి.

విడిపోవాలని నిర్ణయించుకున్నారు. తలా ఒక కొట్టు. చిక్కేమిటంటే ఇద్దరికీ దిల్‌సుఖ్‌నగర్ పాత కొట్టే కావాలి. పెద్దమనుషులు కూర్చుంటే తేలలేదు. చీటీలు వేద్దామంటే, చీటీ ఎవరు తీయాలన్న దగ్గర పేచీ వచ్చింది. డాక్టరు నడవమంటే ఇద్దరూ కలిసి నేర్చుకున్న ఆట ఇదొక్కటే కనుక, ఆటలో తేల్చుకుందామనుకున్నారు. తొమ్మిది హోల్స్, మ్యాచ్ ప్లే, గెలిచినవాడికి పాత కొట్టు.

"ఇది పద్ధతి కాదు" అన్నాను.

"మీరు పద్ధతి చూడకండి, స్ట్రోకులు చూడండి" అన్నాడు సుబ్బారావు.

సుబ్బారావు హ్యాండికాప్ ఏడు, యాదగిరిది పది. యాదగిరికి మూడు స్ట్రోకులు. కార్డు చూసి, రెండు, నాలుగు, ఎనిమిది హోల్స్‌లో అని చెప్పాను. ఇద్దరూ తలూపారు. రిఫరీగా నేను వెంట నడిచాను.

మొదటిది చెరువు హోలు. సుబ్బారావు పక్క నుంచి జాగ్రత్తగా కొట్టుకుంటూ పోయి ఐదింట ముగించాడు. యాదగిరి అవతలి గట్టు మీదకి ఎగరేసి, బండరాళ్లలో బంతి వెతుక్కుని, ఆరింట ముగించాడు. ఆ హోలు సుబ్బారావుది. రెండో దాంట్లో యాదగిరి బంతి ముళ్లకంపలోకి పోయింది. స్ట్రోకు ఉన్నా లాభం లేకపోయింది, అదీ సుబ్బారావుదే. మూడోది యాదగిరి గెలిచాడు.

నాలుగోది మా మైదానంలో అన్నిటికన్నా చిన్న హోలు. ఒక్క దెబ్బకి గ్రీన్ మీద పడుతుంది. గ్రీన్ అంటే గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి. ఇద్దరూ మూడేసి షాట్లలో ముగించారు. యాదగిరికి స్ట్రోకు ఉంది కనుక మూడు రెండయింది. హోలు అతనిది. ఆట సమం.

సుబ్బారావు కదల్లేదు. కార్డు తీసి, కళ్లద్దాలు నుదుటి మీదకి జరిపి చూశాడు.

"మాస్టారూ, దీనికి ఇండెక్స్ ఒకటా? మా ఆవిడ గరిటెతో కొట్టినా పడే హోలుకి?"

"కార్డుల ఉన్నది గద" అన్నాడు యాదగిరి.

"కార్డులో ఉంటే? నీకు ఇక్కడ సాయం దేనికిరా గిరీ? నీకు కావాల్సింది ఆ చెరువు దగ్గర!"

అప్పుడు నేను మైదానం అదిరేలా ప్రకటించాను: "కార్డు తప్పు!" చెట్ల మీది నెమళ్లు లేచిపోయాయి.

నెమళ్లు లేచిన మాట నిజమే. గడ్డి కోసే మిషను స్టార్టయింది. నేనైతే పంపు షెడ్డు వెనక్కి వెళ్లి, వేళ్ల మీద పాత నంబర్లు కొత్త నంబర్లు లెక్కేసుకుని, కంఠతా వచ్చిన రూల్ పుస్తకాన్ని ఫోన్లో రెండుసార్లు చదువుకుని, మెల్లగా తిరిగొచ్చాను. బోర్డులు జరిగాయనీ, ఇండెక్స్ జరగలేదనీ, సరైన కార్డు ప్రకారం యాదగిరి స్ట్రోకులు ఒకటి, ఐదు, ఎనిమిది హోల్స్‌లో పడాలనీ చెప్పాను.

అందరికంటే ముందు యాదగిరికే అర్థమైంది.

"అంటే కుడి కన్ను అద్దం ఎడమకు, ఎడమది కుడికి బిగించినట్టు" అన్నాడు. "రెండూ కలిపితె నంబరు లెక్క సక్కగనే ఉంటది. మనిషికి మాత్రం మెట్లు కనవడయ్."

"నువ్వే బిగించి ఉంటావు" అన్నాడు సుబ్బారావు.

"నువ్వే రాసి ఉంటవ్."

జరిగిన నాలుగు హోల్స్ లెక్క సరైన కార్డుతో మళ్లీ వేశాను. మొదటి హోల్లో స్ట్రోకు ఉంటే అది సమమయ్యేది. నాలుగో దాంట్లో లేకపోతే అదీ సమమయ్యేది. ఎలా చూసినా ఆట సమంగానే ఉంది. ఇద్దరూ ఊపిరి పీల్చుకున్నారు. కానీ ముందు ఐదో హోలుంది.

"మరి ఐదుల నాకు రావాలె గద సార్?"

"ఆహా! రెండులో తీసుకున్నావు, నాలుగులో తీసుకున్నావు, ఇప్పుడు ఐదు, తర్వాత ఎనిమిది. మూడంటే నాలుగు తింటావా?"

"నేను తిన్ననా? కార్డు తినిపించింది!"

రూలు ఇలా ఉంటుంది. ఏ హోల్లో స్ట్రోకు ఉందో ఆట నడిపే కమిటీ నిర్ణయించి కార్డులో వేస్తుంది. ఆటగాళ్లు దానికి కట్టుబడాలి. తెలివితక్కువగా వేసినా, మొదలైన ఆటకు ఆ కార్డే కార్డు. దారి మధ్యలో అంకెలు మారిస్తే ఒకడికి అటూ ఇటూ రెండు వైపులా లాభమో, రెండు వైపులా నష్టమో జరుగుతుంది. అదే చెప్పాను. ఈ కార్డుతోనే పూర్తి చేయాలి, లేదా ఇప్పుడే ఆపేసి ఇంకో రోజు మొదటి నుంచి ఆడాలి.

యాదగిరి దూరంగా చెరువు వైపు చూశాడు. "ఇయ్యాల ఆపితే మళ్ల రాం సార్. ఇంటికాడ మళ్ల పంచాయితీనే. నడువుండ్రి."

ఐదో హోలు అతను ఒక్క షాటు తేడాతో ఓడిపోయాడు. సరైన కార్డయితే సమమయ్యేది. ఆరు, ఏడు సమం. ఎనిమిదిలో స్ట్రోకు కలిసొచ్చి యాదగిరి గెలిచాడు. తొమ్మిది సమం. మొత్తం ఆట సమం.

సమమైతే మొదటి హోలు నుంచి మళ్లీ ఆడాలి, ఎవరో ఒకరు ఒక హోలు గెలిచేదాకా. మా మొదటి హోలు చెరువు. కార్డు ప్రకారం అక్కడ యాదగిరికి ఏమీ లేదు. న్యాయం ప్రకారం మైదానం మొత్తంలో స్ట్రోకు ముందుగా రావాల్సింది అక్కడే.

టీ దగ్గర, అంటే మొదటి దెబ్బ కొట్టే చోట, సుబ్బారావు బంతి పెట్టబోయి ఆగాడు.

"మాస్టారూ, ఇక్కడ స్ట్రోకు వాడిదే. ఇచ్చేయండి."

"ఇవ్వడానికి నాకు అధికారం లేదు."

"నేనిస్తున్నాను."

"నాకొద్దు" అన్నాడు యాదగిరి. "నువ్విస్తే నేను గెలుస్త. గెలిస్తే జిందగీ అంత నువ్వు ఇచ్చినవనే అంటవ్. మనిషి మనిషికి చెప్తవ్."

"నేనెప్పుడు చెప్పుకున్నానురా?"

"కొట్టుల మొదటి మిషిను నీ చేతుల మీదనే వచ్చిందని ఇప్పటికి ఎందరికి చెప్పినవ్?"

అప్పుడు నేను ఒక మాట చెప్పాను. ఇండెక్స్ ఒకటిని మొదటి హోలుకు పెట్టకూడదనే ఒక పద్ధతి మా వృత్తిలో ఉంది. ఆట సమమై మళ్లీ మొదటికి వచ్చినప్పుడు బలహీనుడికి మొదటి అడుగులోనే ఎక్కువ బలం వచ్చేస్తుంది. పాత కార్డులో చెరువు నాలుగోది కాబట్టి ఇబ్బంది లేదు. ఇప్పుడు అది మొదటిదయ్యాక, స్ట్రోకు ఇచ్చినా ఒకరికి అన్యాయమే, ఇవ్వకపోయినా ఒకరికి అన్యాయమే.

"మంచి మైదానం" అన్నాడు యాదగిరి.

ఈసారి యాదగిరి చెరువు మీదుగా కొట్టలేదు. పక్క నుంచి చిన్న చిన్న షాట్లతో వచ్చాడు. సుబ్బారావు ఎప్పుడూ పక్క నుంచి వచ్చేవాడు. ఈసారి మీదుగా కొట్టి, బంతిని నీళ్లలో ముంచాడు. ఎందుకలా కొట్టాడో ఆయన చెప్పలేదు. దాని మీద నాకో గొప్ప సిద్ధాంతం ఉండేది, చాలామందికి చెప్పాను కూడా. ఆధారం మాత్రం ఏమీ లేదు. ఇద్దరికీ ఆరు. సమం.

రెండో హోలుకు వెళ్లాం. ఇద్దరూ బాగా కొట్టారు. సుబ్బారావు నాలుగో షాటు గుంట అంచును తాకి పక్కకు పోయింది. ఐదు. యాదగిరికీ ఐదు. యాదగిరి బంతి తీసుకుని మూడో హోలు వైపు నడవడం మొదలుపెట్టాడు.

సుబ్బారావు నడవలేదు. టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"ఆగండి" అన్నాను. "ఇక్కడ స్ట్రోకు ఉంది. కార్డులో రెండో హోలుకు ఇండెక్స్ మూడు. యాదగిరి ఐదు నాలుగు అవుతుంది."

యాదగిరి వెనక్కి తిరిగాడు. గెలిచిన మనిషి ముఖంలా లేదు అది.

"గిది నాది కాదు గద సార్. తప్పు కార్డుది."

"చెరువు దగ్గర తప్పు కార్డుకు ఒప్పుకున్నారు. నష్టానికి ఒప్పుకున్నాక లాభానికీ ఒప్పుకోవాలి. ఆట మీది."

"సుబ్బన్నా, నీకు తెల్సా?"

"టీ దగ్గరే తెలుసు" అన్నాడు సుబ్బారావు. "నువ్వు మరిచిపోయావు. నేను మరిచిపోలేదు." అతని చేయి పట్టుకుని ఊపాడు. "కొట్టు నీదిరా గిరీ."

సరైన కార్డుతో అయితే ఏమయ్యేదని సుబ్బారావు అడిగితే అక్కడికక్కడే నోటితో లెక్క చెప్పాను. ఐదో హోలు సమమయ్యేది, ఎనిమిదితో యాదగిరి ముందుకు వెళ్లేవాడు, తొమ్మిదితోనే ఆట ముగిసేది. గెలుపు అతనిదే. సుబ్బారావు నవ్వాడు. యాదగిరి నవ్వలేదు. "చెరువుకాడ స్ట్రోకు ఉన్నదని తెలిస్తే నేను మీదికెళ్లి కొడ్తుంటినా? అంత వేరే ఆట అయితుండె" అన్నాడు. ఆ మాట నిజం. జరిగిన ఆటకి వేరే కార్డు తగిలించి తీర్పు చెప్పడం కుదరదు.

చాయ్ తాగడానికి కూర్చున్నాం. యాదగిరి సాసరులో చాయ్ పోసుకుని, తాగకుండా చూస్తూ కూర్చున్నాడు.

"కొట్టయితే వచ్చింది" అన్నాడు చివరికి. "నంబరు ఎవరు చూస్తరు?"

"మిషను ఉందిగా."

"మిషిన్ నంబరిస్తది. ముసలమ్మ వచ్చి, కొత్త అద్దాలు పెట్టుకుంటే నేల పైకి లేస్తున్నది బిడ్డా అంటే, మిషిన్ ఏం చెప్తది?"

సుబ్బారావు బిస్కెట్ విరిచాడు. "ల్యాబు వాడు అద్దం కోసి పంపుతాడు. ఒక చెవి పైకి, ఒక చెవి కిందకి ఉన్నవాడు వస్తే ఫ్రేము ఎవడు వంచుతాడు? నేను వంచితే విరుగుతుంది. ఎన్ని విరిచానో నీకు తెలుసు."

"తెల్సు. డబ్బాల దాచిపెట్టినవ్ గద."

"చూశావా?"

"ఎప్పుడో చూసిన."

వాళ్లిద్దరినీ కూర్చోబెట్టి, మంచీచెడ్డా చెప్పి, మళ్లీ కలిపింది నేనే. మా కాలనీలో అందరికీ తెలిసిన కథ ఇది, ఎందుకంటే అందరికీ చెప్పింది నేను. అసలు జరిగింది వేరు. వాళ్లు మాట్లాడుకుంటున్నప్పుడు నేను సమోసా తింటున్నాను. ఎడమ చెవి అటువైపు ఉంది కాబట్టి సగం మాటలు తర్వాత యాదగిరి చెబితేనే తెలిశాయి.

పంపకం పంపకంగానే జరిగింది. దిల్‌సుఖ్‌నగర్ యాదగిరిది, ఎల్బీ నగర్ సుబ్బారావుది. ఆ నెలలో నా కళ్లజోడు కాడ విరిగితే పాత కొట్టుకు వెళ్లాను. యాదగిరి కౌంటర్ దగ్గర కాడ వేడిచేస్తున్నాడు. లోపల చీకటి గదిలోంచి సుబ్బారావు గొంతు వినిపించింది: "ఇదా, ఇదా? ఏది బాగుందమ్మా?"

"ఆయన ఎల్బీ నగర్‌లో ఉండాలి కదా?" అన్నాను.

"పొద్దుగాల ఇద్దరం ఈడ. సాయంత్రం ఇద్దరం ఆడ. మధ్యాహ్నం మెట్రోల పక్కపక్కన కూసుంటం." కాడ బిగించి, నా ముక్కు మీద పెట్టి, వెనక్కి జరిగి చూశాడు. "మాట్లాడుకోం. కూసుంటం అంతే."

మైదానంలో కార్డు మార్చాల్సి వచ్చింది. ఓనరు గారు సిద్ధాంతిగారిని అడగందే కుదరదన్నారు. కాగితం మీది అంకెలకు దిక్కులుండవని ఆయన అభయమిచ్చారు. ఐదో హోలుకు ఒకటి ఇచ్చాను. చెరువు మొదటి హోలు కాబట్టి దానికి మూడు ఇచ్చాను. ఒకటో రెండో స్ట్రోకులున్నవాడు మొదటి అడుగులోనే తోసుకుపోకుండా, మూడున్నవాడికి నీళ్ల దగ్గర ఆసరా ఉండేలా. అందరికీ నచ్చలేదు. ఏ కార్డూ నచ్చదు.

ఇన్నేళ్లు ఈ బల్ల దగ్గర కూర్చుని నేను నేర్చుకున్నది ఒకటుంది. వచ్చినవాడు ఎప్పుడూ తనకెన్ని స్ట్రోకులు వస్తాయనే అడుగుతాడు. ఎక్కడ వస్తాయని అడగడు. ఒక మనిషికి మూడు ఇచ్చామంటే చేతులు దులుపుకోవడం నాకు అలవాటై ఉండేది. కరెంటు బిల్లుల్లో అలాగే సరిపోయేది, మొత్తం కుదిరితే చాలు. ఇక్కడ కుదరదు. ఇచ్చినది అవసరం లేని చోట పడితే తీసుకున్నవాడికి సిగ్గు, ఇచ్చినవాడికి కోపం, ఇద్దరి మధ్యా పేచీ. అందుకే కొత్తగా చేరిన సభ్యుడు అంకె అడిగితే, నేను వెంటనే చెప్పను. ముందు తొమ్మిది హోల్స్ నడిపించి, ఎక్కడ తడబడుతున్నాడో చూసి, అప్పుడు చెబుతాను.

తొమ్మిది కాదు, మోకాళ్లు ఒప్పుకోవు. చెరువు దాకా నడుస్తాను. అక్కడ నిలబడి, బంతి నీళ్లలో పడ్డాక అతను ఎవర్ని తిడతాడో చూసి, వెనక్కి వస్తాను.